గుండీ కుట్టే మిషమీద

మా ఇంట్లో అమ్మానాన్నలు కలిసి ఉన్న పాత ఫొటోలు రెండే ఉన్నాయి. ఒకటి గోడమీద ఉంటుంది. రెండోది నాన్న పాత డైరీలో, ఎవరి కంటా పడకుండా ఉంటుంది.

గోడమీదది పెళ్లైన నెలలో స్టూడియోలో తీయించుకున్నది. వెనక పరదామీద రంగులతో వేసిన మేడమెట్లు, పక్కన పొడుగుకాళ్ల బల్లమీద కాగితంపూలు. నాన్న కుర్చీలో నిటారుగా కూర్చుని రెండు చేతులూ మోకాళ్లమీద పెట్టుకున్నాడు. అమ్మ పక్కన నిలబడి కుర్చీ వీపుమీద చెయ్యి వేసింది. ఆ చేతికీ నాన్న భుజానికీ మధ్య నాలుగంగుళాల ఖాళీ. ఆ ఖాళీని స్టూడియో ఆయనే కొలిచి ఉంచాడేమోనని నా అనుమానం. మర్యాదకు లోటు రాకూడదు, అలాగని మరీ పరాయివాళ్లలా కనిపించకూడదు. ఇద్దరూ కెమెరాకేసి చూస్తున్నారు. ఇద్దరి ముఖాల్లోనూ రేషను కార్డుకు సరిపడేంత భావమే ఉంది.

డైరీలోది మా చిన్న మామయ్య తీశాడు. ఆయనకు అగ్ఫా క్లిక్ త్రీ కెమెరా కొత్తగా వచ్చిన రోజులు. 120 రోలు వేస్తే 12 చదరపు బొమ్మలు వచ్చే కెమెరా అది. పన్నెండే కాబట్టి గుడి గోపురమూ, చెరువుగట్టూ, అరుగుమీద వరసగా కూర్చున్న బంధువులూ అయ్యాక మిగిలిన ఒకటో రెండో మాత్రమే దుబారాకు. ఆ దుబారాలో పుట్టిందీ ఫొటో.

నాన్న ఆఫీసుకు బయలుదేరి గుమ్మం దాకా వచ్చాడు. చొక్కా రెండో గుండీ ఊడింది. విప్పి కుట్టించుకునే వ్యవధి లేదు, బస్సు టైమయింది. ఒంటిమీద ఉండగా బట్ట కుట్టకూడదని పెద్దవాళ్లంటారు. అయినా అమ్మ కుట్టేసింది. కుట్టాక కత్తెర కోసం లోపలికి వెళ్లే తీరిక లేక, దారం పళ్లతో కొరకడానికి తల వంచింది. సరిగ్గా అక్కడ మామయ్య మీట నొక్కాడు.

చాలాసార్లు చూశాను ఆ ఫొటోని. నాన్న గడ్డం పైకెత్తి, మంగలి కత్తి కింద కూర్చున్నవాడిలా ఊపిరి బిగబట్టి ఉంటాడు. ఒక చేతిలో క్యారియరు. రెండో చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గాలిలో, అమ్మ మోచేతికి కాస్త దూరంలో ఆగిపోయింది. గడ్డం పైకి ఉన్నా చూపు కిందికి వాలింది, అమ్మ పాపిటమీదికి. ఆ చూపు అమ్మకు తెలియదు. ఆమె నుదురు నాన్న గుండెకు ఆని ఉంది, కళ్లు మూసుకుని ఉన్నాయి. దారం కొరికేటప్పుడు ఎవరైనా కళ్లు మూసుకుంటారు, నిజమే. కానీ దారం తెగిపోయింది. పరీక్షగా చూస్తే తెగిన కొస ఆమె పెదవి పక్కన వేలాడుతూ కనిపిస్తుంది. పని అయిపోయింది, నుదురు ఇంకా తియ్యలేదు.

అదే ఇల్లు, అదే గుమ్మం. పక్కగదిలో తాతయ్య, వంటింట్లో నానమ్మ. ఆ ఇంట్లో పగటిపూట అమ్మ నాన్నకు అంత దగ్గరగా నిలబడ్డ సందర్భం మరొకటి ఉండి ఉండదు. గుండీ ఊడింది కాబట్టి నిలబడింది. తెలుగులో దీనికి ఒక ముచ్చటైన మాట ఉంది, మిష. నీళ్ల మిషతో బావి దగ్గరికి వెళ్లడం, చదువు మిషతో మేడెక్కడం. అబద్ధం కాదు మిష. పని నిజంగానే ఉంటుంది, కుట్టాల్సిన గుండీ నిజంగానే ఊడుతుంది. ఆ పని నీడన మరొకటి జరుగుతుంది, అంతే. జంటల ఫొటోల్లో సహజత్వం, క్యాండిడ్ అంటూ ఇప్పుడు అందరూ వెతుకుతున్నది ఈ నీడనే అని నాకనిపిస్తుంది. కెమెరా చూడటం లేదనుకున్నప్పుడు మనుషులు సహజంగా ఉంటారన్నది సగమే నిజం. ఒకరికొకరు దగ్గరవడానికి ఒక మిష దొరికినప్పుడు, కెమెరా ఎదురుగానే ఉన్నా దాన్ని మరిచిపోతారు.

మన ఆలంకారికులకు ఈ సంగతి బాగా తెలుసు. భరతుడు చెప్పిన 33 వ్యభిచారి భావాల్లో ఒకటి అవహిత్థ. లోపలి భావాన్ని బయటికి పొక్కనీయకుండా మరో పనిలోకి మళ్లించడం. దీనికి ఎప్పుడూ చూపే ఉదాహరణ కుమారసంభవం ఆరో సర్గలోది. అంగిరసుడు వచ్చి శివుడికి పిల్లనిమ్మని హిమవంతుణ్ణి అడుగుతున్నాడు. తండ్రి పక్కనే ఉన్న పార్వతి తల వంచుకుని చేతిలోని తామరపువ్వు రేకులు లెక్కపెడుతోంది. సిగ్గు అన్న మాట లేదు, ప్రేమ అన్న మాట లేదు, రేకుల లెక్క ఒక్కటే. కాళిదాసు చేతిలో కెమెరా ఉంటే ఆయన పార్వతి ముఖానికి కాకుండా ఆ వేళ్లకు ఫోకస్ పెట్టేవాడనిపిస్తుంది. అమ్మ పళ్ల మధ్య దారం, పార్వతి వేళ్ల మధ్య రేకు ఒకటే జాతి.

ఈ కళ్లద్దాలు పెట్టుకుని ప్రపంచప్రసిద్ధమైన కొన్ని ఫొటోలు చూస్తే వాటి అందం మరోలా విప్పారుతుంది.

1950లో రొబేర్ దువానో లైఫ్ పత్రిక కోసం పారిస్‌లో తీసిన ముద్దు ఫొటో సంగతే చూడండి. నగర పాలక భవనం ముందు, జనం ఎవరి దారిన వాళ్లు పోతుండగా, నడుస్తూ నడుస్తూ ఆగిన ఒక యువజంట. ఏళ్ల తర్వాత అది పోస్టరై లోకమంతా గోడలకెక్కింది. 1990ల మొదట్లో, ఆ జంట మేమేనంటూ వేరే దంపతులు కోర్టుకెక్కేసరికి దువానో అసలు విషయం చెప్పాల్సి వచ్చింది. అది కుదిర్చి తీసిన ఫొటో. నాటకకళ చదువుకుంటున్న ఫ్రాన్స్వాజ్ బోర్నే, ఆమె స్నేహితుడు జాక్ కార్తో, ఇద్దరూ ముద్దు పెట్టుకోవడం చూసి, ఫొటో కోసం మళ్లీ పెట్టుకుంటారా అని అడిగాడట. ఇంతకాలం సహజమనుకున్నది కుదిర్చిందేనా అని చాలామంది నొచ్చుకున్నారు.

నాకు మాత్రం ఆ సంగతి తెలిశాక ఫొటో ఇంకా నచ్చింది. ఆ అమ్మాయి కుడిచెయ్యి చూడండి. అబ్బాయి చెయ్యి ఆమె భుజం చుట్టూ ఉంది, ఆమె తల వెనక్కి వాలింది, ఇవన్నీ చెప్పి చేయించగలిగినవే. కానీ ఆమె కుడిచెయ్యి పక్కన ఊరికే వేలాడుతోంది. అది అతణ్ణి పట్టుకోలేదు, తోయలేదు. అంతసేపూ ఆ చెయ్యి ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు, ఆమెకే గుర్తు లేదు. ముఖానికి దర్శకుడున్నాడు గాని ఆ చేతికి లేడు. పైగా వాళ్లు అప్పటికి నిజంగా ప్రేమికులు. పట్టపగలు, నడివీధిలో, నిమిషం క్రితం పెట్టుకున్న ముద్దే మళ్లీ పెట్టుకోవడానికి ఫొటోగ్రాఫరు అడిగాడన్న మిష దొరికింది. ఇంతకంటే ఏం కావాలి? అది నటన అనేవాళ్లు మా అమ్మ దారం కొరకడాన్ని కూడా కుట్టుపని అనే అంటారు.

రెండోది మలిక్ సిదిబే తీసిన నృత్యం. మాలి దేశ రాజధాని బమాకో, 1963 క్రిస్మస్ రాత్రి. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి మూడేళ్లు. సిదిబే రాత్రుళ్లు యువకుల పార్టీలకు వెళ్లి ఫొటోలు తీసేవాడు. లేత రంగు సూటులో ఒక కుర్రాడు, తెల్లని గౌనులో చెప్పుల్లేని అమ్మాయి. ఇద్దరి తలలూ ముందుకు వంగి దాదాపు ఆనుకున్నాయి, ఇద్దరి చూపూ కిందికి, ఆమె పాదాలవైపు. ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు. అడుగు తప్పకుండా చూసుకోవడమే ఇద్దరి పని. ఆ పనిలో ఇద్దరి పెదవులమీదా ఒకే నవ్వు, ఒకే దీపం రెండు అద్దాల్లో వెలిగినట్టు. చుట్టూ చీకటి, ఫ్లాష్ వెలుగు వాళ్లిద్దరి వరకే పడి అక్కడితో ఆగింది. ఆ నేల తాకే పాదం చల్లదనం చూసేవాడి అరికాలికి తగులుతుంది.

ఎన్నో ఏళ్లు దాన్ని ప్రేమజంట అనుకునే చూశాను. తర్వాత తెలిసింది, వాళ్లిద్దరూ తోబుట్టువులట. అడుగులు నేర్పుకుంటున్నారు. శృంగారమనుకున్న రసం వాత్సల్యమో స్నేహమో అయి కూర్చుంది. దానివల్ల బొమ్మలో వీసమెత్తు అందం తగ్గలేదు. పైగా నా సిద్ధాంతానికి ఒక చుక్క నిమ్మరసం పడింది. ఇద్దరు మనుషులు మూడో దానిమీదికి కలిసి వంగినప్పుడు పుట్టే ఆ దగ్గరితనం దాంపత్యపు సొత్తేమీ కాదన్నమాట. కాకపోతే దంపతుల ఫొటోలు తీసేవాళ్లు దాన్ని మరిచిపోయినంతగా ఇంకెవరూ మరిచిపోలేదు.

ఇలియట్ ఎర్విట్ 1950ల మధ్యలో కాలిఫోర్నియా సముద్రతీరాన తీసిన ఫొటోలో జంట కారులో ఉంటుంది. మనకు కనిపించేది కారు పక్క అద్దంలో. ఫొటో నిండా సముద్రం, పొద్దు, కారు అంచు. ఆ గుండ్రటి అద్దంలో మాత్రం పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్న అమ్మాయి, ఆమెమీదికి వంగిన అబ్బాయి. వెనకాల వచ్చే బండ్లను చూడటానికి పెట్టిన అద్దమది. దాని పని అది చేస్తూనే ఇంకో పని చేసిపెట్టింది.

జపాన్‌లో నొబుయొషి అరాకి 1971లో తన పెళ్లి ప్రయాణాన్నే పుస్తకంగా వేసుకున్నాడు. అందులో భార్య యోకో పడవలో చాపమీద ముడుచుకుని నిద్రపోతున్న బొమ్మ ఉంటుంది. భర్త బొమ్మలో లేడు, కెమెరా వెనక ఉన్నాడు. అయినా అది జంట ఫొటోయే. ఎదుటివాడి సమక్షంలో నిద్రపోగలగడాన్ని మించిన నమ్మకం ఏముంటుంది? 1990లో ఆమె పోయాక ఆ బొమ్మను చూడటం వేరే సంగతి. దాని గురించి ఇక్కడ రాయను.

ఒక ఫొటో దగ్గర మాత్రం నాకు ముద్ద దిగదు. 1945 ఆగస్టు 14న యుద్ధం ముగిసిన సంబరంలో న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో ఒక నావికుడు తెల్లదుస్తుల యువతిని ఒడిసిపట్టి ముద్దాడుతుండగా ఆల్ఫ్రెడ్ ఐజెన్‌స్టాట్ తీసింది. కూర్పుపరంగా దానికి వంక పెట్టలేం. నలుపు దుస్తులూ తెల్ల దుస్తులూ విల్లులా వంగాయి. కానీ ఆ యువతి తానేనని చెప్పిన గ్రెటా ఫ్రీడ్‌మన్, అతనెవరో తనకు తెలియదనీ, అది తాను కోరుకున్న ముద్దు కాదనీ తర్వాత చెప్పుకుంది. అది విన్నాక మళ్లీ చూస్తే ఆమె బిగిసిన పిడికిలే కంటికి కనిపిస్తుంది. క్షణాన్ని పట్టుకోవడమే ఘనత అయితే వేటగాడు కూడా పట్టుకుంటాడు. హెన్రీ కార్తియే-బ్రెసాన్ 1952 పుస్తకానికి ఇంగ్లిష్‌లో పెట్టిన పేరుకు నిర్ణాయక క్షణం అని అర్థం, అందరికీ అదే తెలుసు. ఫ్రెంచ్ పేరులో మాత్రం దొంగచాటు ధ్వని ఉంది. లైసెన్సు లేకుండా వీధిలో సరుకమ్మేవాడు పోలీసును చూసి మూట సర్దుకున్నట్టు, హడావిడిగా తీసుకున్న బొమ్మలని. వీధి ఫొటోకు ఆ పేరు సొగసే. దంపతుల దగ్గరికి వచ్చేసరికి దొంగచాటు పనికిరాదు. వాళ్లు పిలిచిన అతిథి కెమెరా. అతిథి ఎదురుగా ఉన్నా అతణ్ణి మరిచిపోయి ఉండగలగాలి.

మరిచిపోవడం అన్నది కంటికి కనిపించే వస్తువు. ఫ్రెంచి వైద్యుడు డుషెన్ 1862లో ముఖ కండరాలమీద అచ్చువేసిన పుస్తకం కోసం, విద్యుత్తుతో ముఖంలో భావాలు పుట్టించి వాటిని ఫొటోలు తీయించాడు. ఆయన కనిపెట్టిందేమిటంటే, పెదవి కొసలను పైకి లాగే కండరం మన మాట వింటుంది, కంటి చుట్టూ ఉండే కండరం అంత సులువుగా వినదు. నిజంగా సంతోషం కలిగితేనే కళ్ల కింద ఆ చిన్న ఉబ్బు, కొసన ముడతలు వస్తాయన్నది ఆయన మాట. స్టూడియోలో ‘నవ్వండి’ అనగానే పెదవులు నవ్వి కళ్లు ఊరుకోవడం ఇందుకే. మనవాళ్లు దీన్నే మరో దారిలో చెప్పారు. అనుభావాల్లో ఎనిమిదింటిని విడిగా తీసి సాత్త్వికాలన్నారు. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. మనసు ఒక చోట లగ్నమైతే తప్ప రానివి. స్వరభేదం కెమెరాకు అందదు. మిగతా ఏడూ అందుతాయి, పట్టించుకుంటే. మూడుముళ్లు వేసేటప్పుడు పెళ్లికొడుకు వేళ్లు వణుకుతాయి కదా. కెమెరా వేగం సెకనులో ముప్ఫయ్యో వంతు దగ్గర పెడితే ఆ వేళ్ల దగ్గర మాత్రం బొమ్మ కాస్త చెదురుతుంది, పసుపుతాడు రెండుగా కనిపిస్తుంది. నాకు తెలిసిన ఫొటోగ్రాఫర్లు దాన్ని తప్పుగా లెక్కగట్టి తీసేస్తారు. వేపథువు ఫొటోలో పడే రూపమే అది కదా అని వాళ్లతో వాదించి ఓడిపోయాను.

ఇక మన ఊళ్లకు వస్తాను. ఇప్పుడు పెళ్లి మాట్లాడుకునేటప్పుడు ట్రెడిషనల్ ఫొటో, క్యాండిడ్ ఫొటో, ట్రెడిషనల్ వీడియో, సినిమాటిక్ అని నాలుగు రకాలు విడివిడిగా ధర చెబుతారు. సహజత్వానికి ధర ఎక్కువ. అంతకుముందు ప్రీ వెడ్డింగ్ షూట్. గండికోట లోయ అంచున, లంబసింగి మంచులో, భీమిలి ఇసుకలో తెల్లారకముందే జంటలు బారులు తీరతాయి. పది గజాల తోక ఉన్న గౌను పట్టుకుని ఒక కుర్రాడు పరుగెత్తుతాడు, అతను తప్పుకోగానే తోక గాలిలో ఎగురుతుంది. ‘సార్, మేడమ్, నుదుటికి నుదురు ఆనించండి. కళ్లు మూసుకోండి. క్యాండిడ్‌గా ఉండాలి సార్!’ ఈ మాట విన్న రోజు పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాను. నవ్వాక జాలేసింది. ఏ మొగుడూ పెళ్లాలు కొండకొమ్మున నుదుళ్లు ఆనించుకుని నిలబడతారు? అది పని లేని స్పర్శ. మిష లేదు కాబట్టి చేతులకు చోటు దొరకదు, కళ్లు మూసినా రెప్పల కింద గుడ్లు కదులుతుంటాయి. నిజమైన దగ్గరితనం పనిలో ఉంటుంది. కంట్లో నలకపడితే ఊదడం, కాలిలో ముల్లు తీయడం, జడలో జారిన పూలు ఎగదోయడం, మూతికంటిన పెరుగు కొంగుతో తుడవడం. మనవాళ్ల ప్రేమ ఎప్పుడూ ఏదో ఒక పని చేస్తూనే కనిపించింది.

అందుకే ఒకాయన పనితనం నాకు భలే నచ్చింది. గుంటూరు వైపు ఫొటోగ్రాఫరు, యాభై దాటినవాడు. ఆయన ఫోజు చెప్పడు, పని చెబుతాడు. ‘అమ్మా, బాబు కాలరు వెనక మడతపడింది, కాస్త సరిచేస్తావా?’ అంటాడు. కాలరు మడత పడి ఉండదు. ఆ అమ్మాయి చెయ్యి పెట్టి వెతుకుతుంది. దొరకదు. మడత లేదని ఆమెకు తెలిసే క్షణం ఒకటుంది. చెయ్యి ఇంకా మెడ వెనకే ఉంటుంది, పని మాత్రం పోయింది. అప్పుడు అబ్బాయి ‘ఏమైంది?’ అన్నట్టు తల తిప్పుతాడు. ఆమె ముఖంలో నవ్వు మొదలవుతుంది, అతని ముఖంలో ఇంకా రాలేదు. ఒకరు తీరం చేరారు, ఒకరు ఇంకా నీళ్లలో ఉన్నారు. ఆయన మీట నొక్కేది అక్కడ. ఇద్దరూ నవ్వాక తీస్తే అది నవ్వుల ఫొటో అవుతుంది, అందంగానే ఉంటుంది, కానీ పక్కింటి జంట నవ్వుకూ దానికీ తేడా ఉండదు. ఒకరి భావం రెండోవారిలోకి పాకే దారి కనిపించే ఫొటో ఆ ఇద్దరిది మాత్రమే.

ఆయన 85 ఎంఎం లెన్స్ వేసుకుని పదడుగుల దూరంలో ఉంటాడు. ఎక్కువమంది 70-200 జూమ్‌తో కల్యాణమండపం రెండో కొసనుంచి తీస్తారు. వెనకంతా వెన్నలా కరిగిపోయి ముఖాలు పువ్వుల్లా విచ్చుకుంటాయి. నిజంగా ముచ్చటే. కానీ ఆ దూరం బొమ్మలోకి వస్తుంది, గోడమీదినుంచి తొంగి చూసినట్టు. 35తో దగ్గరికి వెళ్లినవాడి బొమ్మలో పందిట్లో పొగ కూడా ఉంటుంది, పక్కన ఏడుస్తున్న చంటిపిల్లాడూ ఉంటాడు, వాళ్లిద్దరూ ఉంటారు. నా ఓటు దానికే. దగ్గరికి వెళ్లినా ఎవరికీ అడ్డం కాని మనిషై ఉండాలి, ఆ చిక్కు ఒక్కటే.

ఆయన దగ్గర ఇంకో కిటుకు ఉంది. షూట్ చివర కెమెరా దించి, ‘అయిపోయిందమ్మా, చాలు’ అంటాడు. ఆ మాటకు ఇద్దరి భుజాలూ ఒక అంగుళం కిందికి దిగుతాయి. అమ్మాయి చెప్పుల పట్టీ వదులు చేసుకోవడానికి వంగుతుంది, పడకుండా అబ్బాయి భుజం పట్టుకుంటుంది. పట్టుకున్న సంగతి ఆమెకు తెలియదు. ఛాతీ దగ్గర వేలాడుతున్న కెమెరా, కన్ను పెట్టకుండానే, చప్పుడు లేకుండా తీసేస్తుంది. పాత కెమెరాల్లో అద్దం ఎగిరే ‘టక్’ చప్పుడుకు మనుషులు ఉలిక్కిపడి సర్దుకునేవారు. ఇప్పుడు ఆ చప్పుడు కూడా లేదు. సెకనుకు 20 బొమ్మలు వస్తాయి. అయితే అన్ని వస్తే పని తేలికవుతుందనుకోవడం భ్రమ. ఆ ఇరవైలో ఏది అన్నది మళ్లీ రసజ్ఞుడే తేల్చాలి. పద్నాలుగో దాంట్లో ఆమె వేళ్లు భుజాన్ని పట్టుకుని ఉంటాయి. పదహారో దాంట్లో ‘అరె, పట్టుకున్నానే’ అని తెలిసిపోయి వేళ్లు వదులవుతాయి. మధ్యలో పదిహేనోది. మా మామయ్యకు ఉన్నది ఒక్కటే బొమ్మ, అదే పదిహేనోది కావడం ఆయన అదృష్టం. ఆ తర్వాత ఆయన తీసినవన్నీ తలలు తెగినవే.

మన పెళ్లిని ఎవరు అల్లారో గాని వాళ్లకు ఈ మిష మర్మం క్షుణ్ణంగా తెలుసు. పెద్దల ముందు పరాయి పిల్ల తలమీద చెయ్యి పెట్టడానికి జీలకర్రా బెల్లం. ఒకరిమీద ఒకరు ఒంగి దోసిళ్లకొద్దీ కురిపించడానికి తలంబ్రాలు. పక్కపక్కన నిలబడి ఒకే వైపు చూడటానికి, పట్టపగలైనా సరే, అరుంధతి. అన్నీ పనులే. మంత్రాలు చదివే పనులు.

సుముహూర్తం వేళ తెరసెల్ల చూడండి. తెరకు అటు అమ్మాయి, ఇటు అబ్బాయి, చేతుల్లో తమలపాకుల మీద జీలకర్ర బెల్లం ముద్ద. మేళం జోరందుకుంటుంది, అక్షింతలు వానలా పడతాయి, ఇద్దరి చేతులూ తెర మీదుగా లేచి ఎదుటి తల వెతుక్కుంటాయి. అప్పుడు తెర దించుతారు. నెలల తరబడి వీడియో కాల్‌లో చూసుకున్న ముఖమే. అయినా బాసికం కట్టిన నుదురు, బుగ్గచుక్క పెట్టిన చెంప, మధుపర్కాల తెలుపు మధ్యనుంచి చూస్తే కొత్త ముఖం. చేతులు పైన తలమీద ఉండిపోవాలి, పురోహితుడు చెప్పేదాకా తియ్యకూడదు. కాబట్టి దాక్కోవడానికి చేతులు లేవు. ఉన్నది ముఖమొక్కటే. ఆ రెండు మూడు సెకన్లలో ఏ ముఖం ముందు తొణుకుతుందో ఎవరూ చెప్పలేరు. ఒకసారి ఒక పెళ్లికొడుకు చూపు అమ్మాయి కళ్లమీద కాకుండా, ఆమె కనురెప్పమీద చిక్కుకున్న ఒక్క అక్షింత గింజమీద ఆగిపోయింది. రెండు చేతులూ ఖాళీ లేవు, తీయలేడు. పెదవులు సున్నాలా చుట్టి ఊదబోయాడు. సభలో అందరూ చూస్తున్నారని గుర్తొచ్చి ఆగిపోయాడు. ఆ ఊదబోయి ఆగిన పెదవులు ఫొటోలో పడ్డాయి. అమ్మాయి కన్ను ఒకటి మూసుకుని ఊపిరి కోసం సిద్ధంగా ఉంది. చుట్టూ పదిహేను ఫోన్లు లేచి ఉన్నాయి, ఒక్కదానిలోనూ ఇది పడలేదు.

దాన్ని మించింది కూడా గుంటూరు ఆయన లాప్‌టాప్‌లోనే చూశాను. బిందెలో ఉంగరం తీయించే వేడుక. ఇరుకు మూతి ఇత్తడి బిందె, పసుపు నీళ్లు. ఇద్దరి చేతులూ మణికట్లదాకా లోపల. మూడుసార్లు ఆడిస్తారు, ఇది మూడోది. చెరొక ఆట గెలిచారు. చుట్టూ వదినలు, మరదళ్లు, ‘గట్టిగా పట్టుకో అక్కా!’ అంటూ కేకలు. ఆ కేకల్లో ఈ ఫొటో నిశ్శబ్దంగా ఉంటుంది. చేతులు కనిపించవు. జంట ఫొటోల్లో ఫొటోగ్రాఫర్లు ఎంతో కష్టపడి అమర్చే స్పర్శ ఇక్కడ ఇత్తడి గోడ వెనక, పచ్చటి నీళ్ల కింద జరుగుతోంది. మనకు మిగిలింది రెండు ముఖాలూ, బిందె అంచుమీద ఒలికి జారుతున్న ఒక నీటి గీతా. అబ్బాయి తల పక్కకు తిప్పి, ఎవరో పిలిచినట్టు వదినగారివైపు చూస్తున్నాడు. ముఖంలో అమాయకత్వం కొంచెం ఎక్కువగానే పులిమి ఉంది. అమ్మాయి అతని చెంపకేసి చూస్తోంది. నవ్వడం లేదు. కనుబొమలు అర అంగుళం పైకి లేచాయి, పెదవులు కాస్త విడివడ్డాయి. ఉంగరం అతని వేళ్ల మధ్యే ఉందనీ, అతను దాన్ని మెల్లగా ఆమె అరచేతిలోకి జారుస్తున్నాడనీ ఆ క్షణాన ఆమెకు నీళ్ల కింద తెలిసింది. ఇంకా ఎవరికీ తెలియదు. అతనికి కూడా, తన గుట్టు ఆమెకు తెలిసిందని తెలియదు.

ఆ ఫొటో పెళ్లి ఆల్బంలోకి రాలేదు. ఎంపికకు కూర్చున్నప్పుడు పెద్దత్తగారు చూసి, ‘ఇదేంటయ్యా, అబ్బాయి అటు చూస్తున్నాడు, అమ్మాయి ముఖంలో కళే లేదు, తీసెయ్’ అన్నారట. దాని బదులు ఇద్దరూ కెమెరాకేసి నవ్వుతూ బిందెమీద చేతులు పెట్టుకున్నది వేశారు. వీడియోలో మాత్రం ఆ తర్వాతి క్షణం ఉంది. అమ్మాయి తడిచేతితో ఉంగరం పైకెత్తి అందరికీ చూపిస్తోంది, మరదళ్లు ఈలలు వేస్తున్నారు, పెళ్లికొడుకు ఓడిపోయినట్టు తల పట్టుకున్నాడు.